పాడినవారికి వంతు లేదా?

పాటను వ్రాసినవాడు యజమానుడు, పాడినవాడు కూలివాడు అని పాటల వ్యాపారము బహుకాలమునుండి చెప్పుచున్నది. యజమానునికి పాట మ్రోగినన్నాళ్లును ఫలము ముట్టుచుండును. కూలివానికి పాడిన దినమున కూలి చేతబడుటతోనే లెక్క తీఱిపోవును. ఈ యేర్పాటు న్యాయమైనదే యని తలచువారు మన చదువరులలోను గలరు. “వ్రాసినవాడు లేనిదే పాట యెక్కడిది? గొంతులందురా, వేయి దొరకును” అని వారు మాతో వాదించుచుందురు. గొంతు దొరకుట యనగా నెట్టిదో వారికి జూపుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము. మా సాక్ష్యము దూరదేశపుది. అమెరికాలో 1952వ సంవత్సరమున రికార్డుకెక్కి, 1956లో దేశదేశముల మ్రోగిన “హౌండ్ డాగ్” అను పాటయొక్క చరిత్రమే యది.

ఈ పాట పేరు చెప్పినతోడనే తెలిసినవారు ఎల్విస్ ప్రెస్లీ పేరు చెప్పుదురు. అతడు రాక్ అండ్ రోల్ సంగీతమునకు రాజని బిరుదము పొందినవాడు. ఆ బిరుదముతో మాకు తగవు లేదు. అయితే ఆ పాట యతని నోటికి వచ్చునప్పటికే దానికి దాదాపు నాలుగేండ్ల వయస్సు గలదు. దానిని మొట్టమొదట పాడినది యొక నల్లజాతి స్త్రీ.

ఆమె పేరు విల్లీ మే థార్న్‌టన్. 1926 డిసెంబరు 11వ తేదీని అలబామా రాష్ట్రమున జన్మించెను. తండ్రి క్రైస్తవ బోధకుడు. తల్లి చర్చిలో పాడుచుండెడిది. తల్లి గతించిన పిమ్మట, పదునాలుగేండ్ల ప్రాయమున, ఆ బాలిక యొక యాటపాటల మేళముతో నిల్లు విడిచి దక్షిణ రాష్ట్రములన్నియు దిరిగెను. పాడుటయు, డ్రమ్ములు వాయించుటయు, హార్మోనికా యూదుటయు ఒకరు కూర్చుండబెట్టి నేర్పినవి కావు, చూచి నేర్చుకొన్నవి. భారీ విగ్రహము, దానికి దగిన కంఠము, తఱచుగా మగవారి దుస్తులు. అందుచేత నామెకు “బిగ్ మామా” అను పేరు నిలిచిపోయెను. 1948లో టెక్సాసులోని హూస్టను పట్టణమున స్థిరపడి, 1951లో డాన్ రోబీ యను నతని పీకాక్ రికార్డుల కంపెనీతో నొప్పందము చేసికొనెను. ఈ రోబీయు నల్లజాతివాడే. ఈ సంగతిని చదువరులు మనస్సున నుంచుకొందురు గాక. ముందు దీనితో పనియున్నది.

1952 ఆగస్టు 13వ తేదీని లాస్ ఏంజెలిస్ నగరమున నీ పాట రికార్డు చేయబడెను. వ్రాసినవారు జెఱ్ఱీ లీబర్, మైక్ స్టోలర్ అను నిద్దఱు తెల్ల యువకులు, ఇద్దఱికిని పందొమ్మిదేండ్లు. బ్యాండు నాయకుడైన జానీ ఓటిస్ పిలువగా వచ్చి, థార్న్‌టన్‌ను జూచి, ఆమె పాట విని, ఆ స్త్రీకి దగిన మాటలు కావలెనని పోయి కొద్ది నిమిషములలో వ్రాసి తెచ్చిరి. హౌండ్ డాగ్ అనగా వేటకుక్క. కాని పాటలో కుక్క లేదు. ఇంటిలో చేరి, పని చేయక, ప్రేమ నటించుచు స్త్రీ సంపాదనము దిని బ్రదుకు నొక పురుషుని ఆ స్త్రీయే వాకిటనుండి తఱిమివేయుట యందలి విషయము. (ఇట్టి పురుషులు మన వీథులలో దుర్లభులని మేము చెప్పజాలము.) భర్తనుగాని ప్రియునిగాని నమ్మి మోసపోయి యేడ్చు స్త్రీలు ఆ దేశపు పాటలలో కొల్లలు. ఏడ్వక, గుట్టు బయటపెట్టి, తలుపు వేసికొను స్త్రీలు తక్కువ.

కాగితముమీద నున్నది కొన్ని పంక్తులు. బాణీ బ్లూస్ పాటలకు సామాన్యమైన పండ్రెండు తాళముల చట్రము. వందలకొలది పాటలు దానిమీదనే కట్టబడినవి. ఆ చట్రమున ప్రాణము పోయుట గాయని పని. మొదట నామె దానిని మెల్లగా, జోలపాటవలె నెత్తుకొనెననియు, లీబర్ తాను పాడి చూపినమీదట పాట దారికి వచ్చెననియు వ్రాసినవారు చెప్పుదురు. మాటలలో కొన్ని తాను చేర్చితిననియు, ఆ కేకలు, నడుమనడుమ పలుకులు తన సొంతమనియు థార్న్‌టన్ చెప్పెను. ఈ రెండు మాటలును నిజము కావచ్చును; రికార్డు విన్నవారికి సందేహముండదు. ఓటిస్ స్వయముగా డ్రమ్ములు వాయించుచుండ, పీట్ లూయిస్ గిటారు పలికించుచుండ, ఆమె పాటను విడిచి గిటారువానితోనే మాటలాడును, గద్దించును, ప్రోత్సహించును. ఒక పంక్తిని ముందుకు నెట్టి మఱియొకదానిని వెనుకకు లాగును. ఆ గొంతులోని గరుకుదనమును, వెక్కిరింతను, అలసటను ఏ స్వరలిపియు వ్రాసి చూపజాలదు. చివఱ వాద్యగాండ్రు కుక్కలవలె మొఱిగిరి. ఇంత పని యొక గదిలో జరిగెను; ఇందులో కాగితముపై నుండినది పావువంతైన నుండునో యుండదో!

1953లో ఆ రికార్డు, నల్లజాతివారి సంగీతమునకై వేఱుగా నుంచిన రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో, ఏడు వారములు మొదటి స్థానమున నిలిచెను. గాయనికి ముట్టిన దెంత? తనకు 500 డాలర్ల చెక్కొకటి వచ్చెననియు, అటుపైని కానియైనను కంటబడలేదనియు నామె జీవితాంతము చెప్పుచుండెను. వ్రాసినవారి గతియు నప్పటికి మెఱుగు కాదు. రోబీ తమకిచ్చిన 1,200 డాలర్ల చెక్కు బ్యాంకులో చెల్లలేదని వారే చెప్పిరి. అయితే వారి పేళ్లు కాగితముమీద నుండెను. కాగితముమీది పేరు నేడు చెల్లకున్నను రేపు చెల్లును. గాలిలోని గొంతు నాడే చెల్లవలెను, లేదా యెన్నటికిని లేదు.

చట్ట మీ భేదమును ఎంత చుఱుకుగా గాపాడునో చూడుడు. థార్న్‌టన్ రికార్డు వెలువడిన కొలది వారములకే మెంఫిస్ నగరపు సన్ రికార్డుల కంపెనీ, అదే బాణీలో, పురుషుడు స్త్రీకి జవాబు చెప్పినట్లుగా “బేర్ క్యాట్” అను పాటను రూఫస్ థామస్ చేత పాడించి యమ్మెను. రోబీ వెంటనే న్యాయస్థానమున కెక్కెను, గెలిచెను. బాణీ దొంగతన మయ్యెనని తీర్పు వచ్చెను. అది న్యాయమే. కాని ఆ వ్యాజ్యెమున రక్షింపబడినది ప్రచురణకర్త హక్కు. “బేర్ క్యాట్” వినువాడు పోల్చి చూచుకొని నవ్వుకొనుటకు ఎవరి గొంతు కారణమో, ఆమె యా వ్యాజ్యెమున వాదియు గాదు, సాక్షియు గాదు, లాభములో భాగస్వామియు గాదు.

దీనికి మూలము 1909లో అమెరికనులు చేసికొన్న గ్రంథస్వామ్య చట్టము. ఆ దినములలో తనంత తాను మ్రోగు పియానో కొఱకు రంధ్రములు పొడిచిన కాగితపు చుట్టల నమ్ముచుండిరి. ఆ చుట్ట స్వరలిపికి ప్రతి కాదనియు, కావున స్వరకర్తకు సొమ్ము చెల్లింపనక్కఱ లేదనియు 1908లో వారి యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. స్వరకర్తలు గోలపెట్టిరి. హక్కంతయు వారికే యిచ్చినయెడల నొక పెద్ద కంపెనీ పాటలన్నిటిని ముందే కొని యితరులను తుడిచిపెట్టునని శాసనకర్తలు భయపడి, నడిమి దారి త్రొక్కిరి. ఒక పాటను ఒకమాఱు రికార్డు చేయనిచ్చిన పిమ్మట, ప్రతి యొక్కింటికి రెండు సెంట్లు చెల్లించి యెవరైనను దానిని మరల రికార్డు చేసికొనవచ్చును. అడుగనక్కఱలేదు; కాదనుటకు వీలులేదు. నేడు “కవర్” అను పాటలన్నియు నీ తలుపుననే లోనికి వచ్చినవి. ఏర్పాటు తెలివైనదే. కాని రెండు సెంట్లును వ్రాసినవారి పక్షమునకే. గాయకులను దలచుకొన్నవారే లేరు. రికార్డయిన ధ్వనికే అమెరికా కేంద్ర చట్టము క్రింద రక్షణము 1972 ఫిబ్రవరి 15వరకు లేకపోయెను.

ఆ తలుపున “హౌండ్ డాగ్” పలువురి చేతులలోనికి బోయెను. 1953లోనే తెల్లజాతి గ్రామీణ గాయకులు కొందఱు దానిని పాడిరి. 1955లో ఫ్రెడీ బెల్ అండ్ ది బెల్‌బాయ్స్ అను మేళమువారు దానిని పట్టి హాస్యపు పాటగా మార్చిరి. పాటను రేడియోలో వేయుటకు అభ్యంతరము లేకుండ మాటలు మార్చబడెను. స్త్రీ పోయెను, సోమరి పురుషుడు పోయెను, వేటకు పనికిరాని నిజమైన కుక్క మిగిలెను. ఇల్లాలి కోపమంతయు కుందేలును బట్టలేని జంతువుమీది పరిహాసముగా దిగజాఱెను. వ్రాసిన లీబరే యా మార్పునకు అర్థము లేదని విసుగుకొన్నాడు. సంస్కారమును గోరు మేము ఈ మార్పును జూచి మిక్కిలి బాధపడితిమి. నీతి పేరిట నిచ్చట తుడిచివేయబడినది అశ్లీలము కాదు. ఒక స్త్రీ తన యింటిలో తాను పలికిన అధికారవాక్యము. మన దేశమునను స్త్రీల పాటలను “శుద్ధి” చేసినవారి చేతులలో నిట్టివే పలుమాఱు పోయినవి గదా!

1956 వసంతమున ఎల్విస్ ప్రెస్లీ లాస్ వేగస్‌లో పాడుటకు వచ్చి, అచ్చట నా బెల్‌బాయ్స్ ప్రదర్శనమును జూచి, వారి పాటను తనదిగా జేసికొనెను. జూన్ 5వ తేదీని మిల్టన్ బెర్ల్ టెలివిజను కార్యక్రమమున దానిని నడుము త్రిప్పుచు పాడగా పత్రికలు మండిపడినవి. జూలై 1వ తేదీని స్టీవ్ ఆలెన్ అను మఱియొక కార్యక్రమకర్త యతనికి విందుకోటు తొడిగించి, టోపీ పెట్టిన నిజమైన కుక్క యెదుట నిలిపి పాడించెను. ఒక స్త్రీ పురుషుని వెడలగొట్టిన పాట మూడేండ్లలో కుక్కకు వినిపించు పాటయైనది! మఱునాడు న్యూయార్కులో రికార్డు చేసిరి. ముప్పది సారులకు పైగా పాడి, వదలక పాడి, తనకు నచ్చినదానిని ఎల్విస్ ఏఱుకొనెను. అది “డోంట్ బి క్రూయెల్” అను పాటతో నొకే రికార్డునకు రెండు వైపులుగా వెలువడి పదునొకండు వారములు ప్రథమ స్థానమున నుండెను.

ఆ రోజులలోనే స్టోలర్ యూరోపునుండి “ఆండ్రియా డోరియా” యను నోడలో వచ్చుచుండ, అది మఱియొక యోడతో ఢీకొని మునిగెను. ప్రాణములతో న్యూయార్కు చేరిన యతనికి రేవున నిలిచియున్న లీబర్ మొదట చెప్పిన వార్త యిదేనట: మన పాట ఎల్విస్ ప్రెస్లీ పాడినాడు. అతడెవరని స్టోలర్ అడిగెననియు నందురు.

ఇచ్చట మాతో నేకీభవించుచున్నట్లు కనబడు మిత్రులతోనే మాకు తగవున్నది. వారు ఎల్విస్‌ను దొంగ యందురు. తెల్లవాడు నల్లజాతి స్త్రీ సొమ్ము నపహరించెనని యొక్క వాక్యమున తీర్పు చెప్పుదురు. ఆ దేశమున వర్ణభేదము చేసిన యన్యాయమును మేము తక్కువ చేయము. ఒకే పాటకు నల్లవారి పట్టిక యొకటి, తెల్లవారి పట్టిక యొకటి యుండుటయే దానికి ఋజువు. కాని తీర్పు తప్పు. పాట వ్రాసినవారు తెల్లవారు. థార్న్‌టన్‌కు లెక్క చెప్పని కంపెనీ యజమానుడు నల్లవాడు. ఎల్విస్ చట్టమున కేమాత్రమును వెలుపల నడువలేదు. బెల్‌బాయ్స్ యొద్ద నేర్చిన పాటలో తన మేళపు డ్రమ్ముల జోరును, గిటారు చుఱుకును నింపి మఱియొక వస్తువును జేసెను. అదియు గాయకుని సృష్టియే. ఒక్కనిని దొంగ యని కేకవేసి యూరకున్నచో దొంగతనమును శాస్త్రముగా నేర్పిన యేర్పాటు తప్పించుకొనిపోవును. కాగితముమీద పేరున్నవాడే తినుననుట ఆ యేర్పాటు. ఎల్విస్ పక్షమువారు దీనిని బాగుగా నెఱిగినవారు; అతని పేరిటనే ప్రచురణసంస్థ యొకటి పెట్టి, ఈ పాట ప్రచురణ హక్కులో వంతు సంపాదించిరి. పాటలో భాగము తనకును గలదని జానీ ఓటిస్ వాదింపగా, 1957లో న్యాయస్థానము కాదనెను. నలుగురును కాగితము చుట్టు పోరాడుచున్నారు. గాయని గదిలోనే లేదు.

కవర్ పాటలకు మేము శత్రువులము కాము. పాట యొక గొంతునుండి మఱియొక గొంతునకు పోవుటయే దాని యాయుర్దాయము. త్యాగరాజ కృతిని ఒక్కరే పాడవలెనని యెవరైన శాసించిరా? అడిగి పాడుట, పేరు చెప్పి పాడుట యెట్టిదో ఈ థార్న్‌టన్ చరిత్రముననే మఱియొక యుదాహరణ మున్నది. ఆమె స్వయముగా వ్రాసిన “బాల్ అండ్ చెయిన్” అను పాటను జానిస్ జాప్లిన్ అను తెల్ల యువతి సాన్‌ఫ్రాన్సిస్కోలో విని, అనుమతి యడిగి, 1967 జూన్‌లో మాంటెరీ సంగీతోత్సవమున పాడి యొక్క దినమున ప్రసిద్ధురాలయ్యెను. థార్న్‌టన్ మెల్లగా బరువుగా నడపిన పాట ఆ పిల్ల నోట నార్తనాద మయ్యెను. ఎవరిది మేలని మమ్మడుగవలదు. రెంటిని వినుడు.

థార్న్‌టన్ 1984 జూలై 25వ తేదీని, లాస్ ఏంజెలిస్‌లోని యొక యద్దె వసతిగృహమున, 57వ యేట చనిపోయెను. మద్యపానము దేహమును గుల్ల చేసెను. అంతటి విగ్రహము ఎముకల గూడైనది. అంత్యక్రియలలో ప్రార్థన నడపినవాడు, ముప్పదిరెండేండ్ల క్రిందట డ్రమ్ములు వాయించిన జానీ ఓటిసే. రాక్ అండ్ రోల్ కీర్తిమందిరమున ఎల్విస్‌కు 1986లోను, లీబర్ స్టోలరులకు 1987లోను స్థానము దొరకెను. థార్న్‌టన్‌కు 2024లో దొరకెను.

ఇది పరదేశపు గొడవ యని మన పాఠకులు పుస్తకము మూయవలదు. ఇదే వాదము మన దేశమున 1960 దశకమున పెద్దవారి మధ్యనే జరిగినది. గాయకులకు రికార్డుల యమ్మకముపై రాయల్టీ కావలెనని లతా మంగేష్కర్ పట్టుపట్టెను. కూలి పుచ్చుకొన్న పిమ్మట గాయకునికి వేఱు హక్కు లేదని మహమ్మద్ రఫీ నమ్మెను. ఇరువురును కొన్ని సంవత్సరములు కలిసి పాడరైరి. రఫీ సౌజన్యమును మేము శంకింపము. అయితే సజ్జనుని సంతృప్తి యితరులకు శాసనము కారాదు. మన చట్టమున ప్రదర్శకుల హక్కనునది 1994లో గాని సరిగా నెలకొనలేదు. 2012 సవరణముతో గాని, వారి గానమును వ్యాపారమున కుపయోగించినపుడు రాయల్టీ పొందు హక్కు స్పష్టముగా వ్రాయబడలేదు. ఆ పిమ్మట 2013లో గాయకులు తమ సంఘమును స్థాపించుకొనిరి. అదే సవరణము కవర్ పాటలకును కట్టుబాట్లు చేసినది: మొదటి రికార్డు వెలువడిన సంవత్సరము పోగా నైదేండ్లు గడచినగాని పాడరాదు; మాటలను బాణీని ఇష్టమువచ్చినట్లు మార్చరాదు; ఇది కవర్ అని పైన వ్రాయవలెను; సామాన్యముగా ఏడాదికి 50,000 ప్రతులకు దగ్గకుండ రాయల్టీ ముందుగా చెల్లింపవలెను. ఈ కట్టుబాటే యుండినచో బెల్‌బాయ్స్ 1955లో ఆ స్త్రీని కుక్కగా మార్చియుండ గలిగెడివారు కారు. అయినను ఈ రాయల్టీయు వ్రాసినవారికే. మొదట పాడి దారి చూపిన గొంతునకు, ఆ దారిని నడచి ధనము గడించువాడు ఋణపడియున్నాడని మన చట్టమును నింకను పలుకలేదు.

అట్లు చేసినయెడల పాటలు స్తంభించిపోవునని వ్యాపారులు చెప్పుదురు. 1909లో స్వరకర్తలకు రెండు సెంట్లిచ్చిన యెడలను ఇట్లే పియానో పరిశ్రమ కూలునని చెప్పిరి. పరిశ్రమ కూలినది నిజమే; రెండు సెంట్ల బరువుచేత గాదు, గ్రామఫోను రేడియోల రాకచేత. పాటలు స్తంభింపలేదు, మఱింత పెరిగినవి.

అంతర్జాలమున పాట మ్రోగినపుడు గాయకులకు వంతు నిచ్చు పద్ధతిని అమెరికా 1995లో నంగీకరించెను. సామాన్యమైన రేడియో కేంద్రములు మాత్రము నేటికిని వ్రాసినవారి పక్షమునకే చెల్లించును. ఈ రాత్రి హూస్టనులో నొక రేడియో కేంద్రము 1952 నాటి యా రికార్డును వేసినయెడల, లీబర్ స్టోలరుల పక్షమునకు లెక్క వ్రాయబడును. బిగ్ మామా గొంతునకు లేదు. దాని వెంటనే ఎల్విస్ రికార్డును వేసినను అంతే. ముప్పది సారులకు పైగా పాడిన యా గొంతునకును లేదు.